లూసీ నవ్వులు

అదియొక చాక్లెట్ల కర్మాగారము. పొడవైన బల్లపై ఒక పట్టీ కదలుచుండెను. ప్రక్క గదినుండి చాక్లెట్లు ఒకదాని వెంట నొకటి ఆ పట్టీపై వచ్చుచుండెను. తెల్లని టోపీలు, తెల్లని దుస్తులు ధరించిన ఇద్దరు స్త్రీలు దాని వెనుక నుండిరి. వచ్చిన ప్రతి చాక్లెటును కాగితములో చుట్టి మరల పట్టీపై నుంచుట వారి పని. ఒక్కటియైనను చుట్టకుండ ముందుకు పోయినచో ఉద్యోగము పోవునని పర్యవేక్షకురాలు గట్టిగా హెచ్చరించి వెళ్ళెను.

మొదట పని సుళువుగనే యుండెను. ఇంతేకదా యని వారు ధైర్యము తెచ్చుకొనిరి. అంతలో పట్టీ వేగము హెచ్చెను. చేతులు చాలలేదు. చుట్టలేనివానిని తీసి ప్రక్కన పెట్టిరి. ప్రక్కన చోటు చాలక నోట కుక్కుకొనిరి. నోరు నిండగా టోపీలలోను, రవికెలలోను దాచిరి. పర్యవేక్షకురాలు తిరిగి వచ్చునప్పటికి పట్టీపై చుట్టని చాక్లెటు ఒక్కటియు లేదు. నోరు మెదపలేక నిలిచిన ఆ యిద్దరిని చూచి ఆమె మిక్కిలి సంతసించెను. వెంటనే ప్రక్కగదివైపు తిరిగి, పట్టీని ఇంకను వేగముగా నడుపుడని కేక వైచెను.

1952వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీ రాత్రి అమెరికాలో లక్షలాది కుటుంబములవారు టెలివిజన్ పెట్టెల ముందు కూర్చుండి ఈ సన్నివేశమును చూచి నవ్విరి. ఏడు దశాబ్దములు గడచినవి. ఆ కర్మాగారము వంటివి మారిపోయినవి, ఆ టెలివిజన్ పెట్టెలు మూలబడినవి. అయినను ఆ దృశ్యమును క్రొత్తగా చూచినవారు నేటికిని నవ్వుచునే యున్నారు. ఆ కార్యక్రమము పేరు ‘ఐ లవ్ లూసీ’. లూసీని నేను ప్రేమించుచున్నాను అని దాని యర్థము. చాక్లెట్లు చుట్టిన యిద్దరిలో లూసీగా నటించిన ఆమె లూసిల్ బాల్. ఆమె స్నేహితురాలు ఎథెల్‌గా నటించినది వివియన్ వాన్స్.

ఇటువంటి నాటకములను ఆంగ్లమున ‘సిట్యుయేషన్ కామెడీ’ యందురు. వాడుకలో దానిని ‘సిట్‌కామ్’ అని కుదించిరి. అదే యిల్లు, అదే యిరుగుపొరుగు, అవే పాత్రలు. వారమున కొక క్రొత్త చిక్కు. అరగంటలో చిక్కు ముడివడి, అరగంటలోనే విడిపోవలెను. వినుటకు ఇది బహు తేలికగా తోచును. కాని ఆ పద్ధతిలో వచ్చిన వేలకొలది నాటకములలో ప్రజలు జ్ఞాపక ముంచుకొన్నవి కొద్ది మాత్రమే. ‘ఐ లవ్ లూసీ’ ఆ కొద్దిలో నొకటి యెట్లయినదో తెలిసికొనుటకు దానిని నిర్మించిన దంపతుల చరిత్రను కొంత చూడవలెను.

లూసిల్ 1911 ఆగస్టు 6వ తేదీన న్యూయార్కు రాష్ట్రమునందలి జేమ్స్‌టౌన్ పట్టణమున జన్మించెను. తండ్రి టెలిఫోను తీగెలు వేయు పనివాడు. ఆమెకు నాలుగేండ్లు నిండకమునుపే అతడు సన్నిపాత జ్వరముతో మరణించెను. పదునైదేండ్ల ప్రాయమున ఆమె న్యూయార్కు నగరమున నొక నాటకశాలలో చేరెను. ఈ పిల్ల నటనకు పనికిరాదని అచ్చటివారు ఇంటికి పంపివైచిరి. 1933లో హాలీవుడ్ చేరి, చిన్న చిన్న వేషములు వేయుచు, చౌక చిత్రముల నాయికగా కాలము గడపెను. నలువది యేండ్ల వయస్సు సమీపించినను ఆమె అగ్రతార కాలేదు.

డెసీ ఆర్నాజ్ చరిత్ర వేరు. అతడు 1917లో క్యూబా దేశమున శాంటియాగో నగరమున సంపన్న గృహమున పుట్టెను. తండ్రి ఆ నగరమునకు మేయరు. 1933లో ఆ దేశమున విప్లవము చెలరేగగా ఆస్తి యంతయు పోయెను. కుటుంబము అమెరికాలోని మయామీ చేరెను. నిన్నటివరకు మేయరు కొడుకైనవాడు పక్షుల పంజరములు శుభ్రముచేసి పొట్ట పోసికొనెను. తరువాత పాటగాడై, వాద్యబృందమునకు నాయకుడై పేరు గడించెను. 1940లో ఆర్.కె.ఓ. వారి చిత్రమొకదానిలో నటించునపుడు లూసిల్‌ను కలిసికొని, ఆ సంవత్సరమే ఆమెను వివాహమాడెను.

వివాహమైన పిమ్మట ఆ దంపతులు ఒకచోట నుండుటయే అరుదయ్యెను. అతడు బృందముతో ఊరూరు తిరుగుచుండెను. ఆమె స్టూడియోలో పనిచేయుచుండెను. 1948 మొదలు లూసిల్ సి.బి.ఎస్. రేడియోలో ఒక గృహిణి పాత్ర ధరించి శ్రోతలను నవ్వింపసాగెను. దానిని టెలివిజన్‌కు మార్చుదమని సంస్థవారు అడిగిరి. భర్త పాత్రను డెసీయే ధరింపవలెనని ఆమె పట్టుపట్టెను. ఇద్దరును ఒకే యూరిలో ఒకే పనిలో నుండుటకు ఆమెకు వేఱు దారి కానరాలేదు. అధికారులు సందేహించిరి. విదేశీయపు యాసతో మాట్లాడు క్యూబావాడు అమెరికా స్త్రీకి భర్తయన్నచో ప్రజలు నమ్మరని వారి యభిప్రాయము. అప్పటికి వారు భార్యాభర్తలై పది సంవత్సరములు కావచ్చుచుండుట గమనింపదగినది! ఆ దంపతులు వాదులాడలేదు. 1950లో ఇరువురును కలిసి ఒక హాస్య ప్రదర్శనము సిద్ధముచేసికొని నాటకశాలలలో ప్రదర్శించిరి. ప్రజలు విరగబడి నవ్విరి. అధికారులు అంగీకరించిరి.

ఇంకొక యడ్డంకి వచ్చెను. ఆ కాలమున పెక్కు టెలివిజన్ నాటకములు న్యూయార్కు నుండి ప్రత్యక్షముగా ప్రసారమగుచుండెను. ఇతర ప్రాంతములకు పంపుటకు టెలివిజన్ తెరనే ఫిల్ముపై పట్టి ఆ ప్రతిని పంపెడివారు. ఆ బొమ్మ మసకగా నుండెడిది. లూసిల్, డెసీలు హాలీవుడ్ విడువ నొల్లలేదు. ఖర్చు భరించు సిగరెట్ల కంపెనీవారు మసక బొమ్మను తూర్పు ప్రాంతపు ప్రేక్షకులకు చూప నొల్లలేదు. అట్లయినచో సినిమావలె మంచి ఫిల్ముపైననే చిత్రింతమని డెసీ సూచించెను. అందుకు వ్యయము హెచ్చు. ఆ వ్యయమున కొంత తమ జీతమునుండి తగ్గించుకొనుటకు దంపతులు ఒప్పుకొనిరి. దానికి బదులుగా ఆ ఫిల్ములు తమ సొత్తు కావలెనని కోరిరి. ఒకసారి ప్రసారమైన నాటకమును రెండవమారు ఎవరు చూతురని తలచిరి కాబోలు, సంస్థవారు వెంటనే సరేననిరి. ఆ యొప్పందము విలువ తరువాత తెలిసినది.

ఫిల్ముపై తీయుట యన్నంతనే సరిపోదు. సినిమా వలె ముక్కలు ముక్కలుగా తీసినచో లూసిల్‌కు ప్రాణము వంటి ప్రేక్షకుల నవ్వు పోవును. అందువలన స్టూడియోలోనే మున్నూరు మందికి ఆసనములు వేయించిరి. నాటకమును రంగస్థలముపై వలె మొదటినుండి చివరివరకు వరుసగా నడపిరి. మూడు కెమెరాలు ఒకేమారు పనిచేసినవి: ఒకటి దూరమునుండి రంగమంతయు చూచుచుండ, తక్కిన రెండు దగ్గరగా ముఖములను చూచినవి. ఇటువంటి ప్రయత్నము అంతకుముందు కొందరు చేయకపోలేదు. కాని ప్రేక్షకుల యెదుట ఇంత చక్కగా నిర్వహించినది వీరే. ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్. జర్మనీలో ‘మెట్రోపొలిస్’ చిత్రమునకు, అమెరికాలో ‘ది గుడ్ ఎర్త్’ చిత్రమునకు పనిచేసిన ఉద్దండుడు. సాధారణముగా సినిమాలో కెమెరా స్థానము మారినపుడెల్ల దీపములను మార్చుకొందురు. ఇచ్చట మూడు కెమెరాలకును ఒకే వెలుగు సరిపోవలెను. ఫ్రాయిండ్ దీపములను పైన అమర్చి, నీడలు ముఖములపై పడకుండ రంగమంతటను సమముగా వెలుగు నింపెను. నటులు ఏమూలకు పోయినను వెలుగు వారికి సిద్ధముగా నుండెను. ఈ పద్ధతినే తరువాత అనేక హాస్యనాటకములవారు అనుసరించిరి.

1951 అక్టోబరు 15వ తేదీ సోమవారము రాత్రి తొమ్మిది గంటలకు మొదటి నాటకము ప్రసారమయ్యెను. కథ సామాన్యమైనది. రికీ రికార్డో అను క్యూబావాడు న్యూయార్కులో నొక వాద్యబృంద నాయకుడు. అతని భార్య లూసీ. ఆమెకు రంగస్థల మెక్కవలెనని తీరని కోరిక. భార్య ఇంటిపట్టున నుండవలెనని అతని పట్టుదల. క్రింద కాపురముండు ఇంటి యజమానులు ఫ్రెడ్, ఎథెల్ అను వృద్ధప్రాయపు దంపతులు. నూట యెనుబది నాటకములును ఈ నలుగురి చుట్టును తిరుగును. జెస్ ఓపెన్‌హైమర్, మాడెలిన్ ప్యూ, బాబ్ కారల్ అనువారు వీనిని వ్రాసిరి. లూసీ చేయవలసిన విన్యాసమును మాడెలిన్ ముందుగా తానే చేసి చూచెడిది. ఒంటిచక్రపు సైకిలెక్కి గోడకు గుద్దుకొన్న పిమ్మట ఆ సన్నివేశమును విడిచిపెట్టిరట.

హాస్యమునకు వికృతవేషము, అసంబద్ధ ప్రలాపము మున్నగునవి కారణములని భరతముని నాట్యశాస్త్రమున చెప్పెను. లూసీ నాటకములలో ఇవి పుష్కలముగా కలవు. ఆమె గడ్డము తగిలించుకొనును, నలుగురి వేషములు వేయును, నోటికి వచ్చిన అబద్ధములాడును. అయితే ఇవి చేయు విదూషకులు లోకమున ఎందఱో కలరు. లూసీకి గల విశేష మేమనగా, ఆమె ఎన్నడును నవ్వించుటకై ఏ పనియు చేయదు. ఆమెకొక కోరిక కలదు. దానికై ప్రాణము పెట్టి పాటుపడును. చాక్లెట్లు చుట్టునపుడు ఆమె ముఖమున నుండునది హాస్యము కాదు, భయము. ఉద్యోగము నిలుపుకొనవలెనను ఆతురత. ఆమె ఎంత గంభీరముగా పాటుపడునో, చూచువారు అంతగా నవ్వుదురు. పనికి చేయి చాలని సమయము, పెద్దల యెదుట తప్పు కప్పిపుచ్చుకొను సమయము ప్రతి మనుజునికిని అనుభవమే కదా! పరీక్షలో గంట కొట్టువేళకు సగము జవాబులు మిగిలిపోయిన విద్యార్థికి ఆ పట్టీ వేగము బాగుగా తెలియును.

ఆ నాటకములోనే ఇంటియొద్ద నేమి జరిగెనో కూడ చెప్పవలెను. ఇంటిపని యెక్కువ కష్టమా, సంపాదన యెక్కువ కష్టమా యని వాదము వచ్చి, స్త్రీలు ఉద్యోగమునకు పోగా పురుషులు వంటకు పూనుకొనిరి. నలుగురికి ఎంత బియ్యము కావలెనో రికీకి తెలియదు. మనిషికొక పౌను చొప్పున నాలుగు పౌనులు, అనగా రమారమి రెండు కిలోలు, ఒకేమారు పొయ్యిపై నెక్కించెను. అన్నము పొంగి, పాత్ర దాటి, పొయ్యి దాటి, నేలపై పారెను. వాదమున ఎవరును గెలువలేదు. చివరకు భర్తలు తమ యోటమి నొప్పుకొని, భార్యలకు ప్రేమతో నొక కానుక తెచ్చిరి. పెద్ద పెద్ద పెట్టెలనిండ చాక్లెట్లు!

ఈ హాస్యమంతయు అప్పటికప్పుడు పుట్టినదని భ్రమపడువారు కలరు. వాస్తవము దానికి విరుద్ధము. లూసిల్ మాటలను కల్పించుకొను నటి కాదు. వ్రాసినదానిని వ్రాసినట్లు సాధన చేయు నటి. ప్రతి వస్తువును ముందుగా చేతబట్టి, దాని బరువు, జారుడు, చప్పుడు తెలిసికొనెడిది. చాక్లెట్లను ముంచు సన్నివేశమునకు నిజముగా ఆ వృత్తిలో నున్న నొక స్త్రీనే పిలిపించిరి. కథ ప్రకారము లూసీ ఈగను కొట్టబోయి ఆమె చెంపపై కొట్టును. ఆమె తిరిగి కొట్టును. చిత్రించునాడు ఆమె కొట్టిన దెబ్బ నిజముగనే గట్టిదై కన్నీరు తెప్పించినను, ఆట చెడునని తాను ఆపలేదని లూసిల్ తరువాత చెప్పుచుండెడిది.

1952 మే నెలలో వచ్చిన మఱియొక నాటకము అభ్యాసమునకు గొప్ప నిదర్శనము. అందులో లూసీ ఒక బలవర్ధక ఔషధమునకు ప్రకటన చెప్పవలెను. ఆ మందు పేరే నోరు తిరుగనిది. చెప్పవలసినవి కొద్ది వాక్యములు. ప్రతి సాధనకును ఒక చెంచా మందు త్రాగవలెను. ఆ మందులో నూటికి 23 వంతులు మద్యమని ఆమె యెఱుగదు. మొదటిమారు చేదుకు ముఖము చిట్లించెను. రెండవమారు అంత చేదనిపించలేదు. అటుపిమ్మట మాటలు ఒకదానితో నొకటి పెనవైచుకొనెను. పదములు అవే, క్రమము మాత్రము మెల్లమెల్లగా కూలినది. ఏ పదము ఏ చోట ఎంతవఱకు చెడవలెనో తూచినట్లు తెలియనిచో ఇది సాధ్యముకాదు. చెడగొట్టుటకు కూడ చక్కగా నేర్వవలెనని ఆ సన్నివేశమును చూచిన నటులు గ్రహింతురు.

ఇతర ప్రసిద్ధ హాస్యనాటకములందును ఈ కోరికయే మూలము. ‘ది హనీమూనర్స్’ (1955–56)లో బస్సు నడపు రాల్ఫ్ ఒక్క దెబ్బతో ధనవంతుడు కావలెనని ఉపాయములు పన్ని ప్రతిసారియు బోల్తాపడును. ఇంగ్లండులో వచ్చిన ‘ఫాల్టీ టవర్స్’ (1975, 1979)లో హోటలు యజమాని గొప్పవారి గౌరవమునకై ఆశించి, వచ్చినవారినెల్ల అవమానించును. అది మొత్తము పండ్రెండు నాటకములే. అయినను ఇంగ్లండువారు దానిని మఱువలేదు. సంఖ్యచేత కీర్తి రాదు.

‘ఐ లవ్ లూసీ’ యందు దోషములు లేకపోలేదు. రికీ భార్యను చిన్నపిల్లనువలె గద్దించు ఘట్టములు, శిక్షించు ఘట్టములు నేటివారికి రుచింపవు. రుచింపకుండుటయే మంచిది. ఆనాటి యిండ్లలో నున్న యలవాటును రచయితలు ప్రశ్నింపక స్వీకరించిరి. కాని వ్యయము కట్టియున్న గడపను దాటవలెనని ప్రతివారము ప్రయత్నించి, పడి, మరల లేచిన స్త్రీ కూడ ఆ నాటకములోనే కలదు.

1952లో లూసిల్ గర్భవతి యయ్యెను. ఆ రోజులలో టెలివిజన్‌లో గర్భిణిని చూపుట మర్యాద కాదని యెంచెడివారు. కార్యక్రమము ఆపవలెనని, లేదా ఆమెను బల్లలవెనుక, కుర్చీలవెనుక దాచవలెనని సలహాలు వచ్చినవి. దంపతులు వినలేదు. లూసీ పాత్రయు గర్భవతి కావలెనని నిశ్చయించిరి. ‘గర్భవతి’ యను నర్థమిచ్చు ఆంగ్లపదమును మాత్రము సంస్థవారు వాడనీయలేదు. ఒక కథోలికు గురువు, ఒక ప్రొటెస్టంటు బోధకుడు, ఒక యూదు మతగురువు ప్రతి నాటకమును ముందుగా చదివి, ఆక్షేపింపదగిన దేదియు లేదనిరి. 1953 జనవరి 19వ తేదీ ఉదయము లూసిల్‌కు కుమారుడు పుట్టెను. ఆ రాత్రియే, ముందు చిత్రించియుంచిన నాటకమున లూసీకి కుమారుడు పుట్టెను. సుమారు 4 కోట్ల 40 లక్షలమంది దానిని చూచిరి. మఱునాడు ఐసెన్‌హోవర్ అధ్యక్షపదవి స్వీకరించు ఉత్సవమును చూచినవారు 2 కోట్ల 90 లక్షలు.

ఆ సంవత్సరమే పెద్ద గండము వచ్చెను. అమెరికాలో కమ్యూనిస్టులను వెదకి పట్టుకొను ఆవేశము ప్రబలిన కాలమది. ఒక్క అనుమానముతో ఎందఱో నటుల, రచయితల జీవితములు చెడిపోయినవి. లూసిల్ 1936లో కమ్యూనిస్టు పక్షమువారికి ఓటు వేయుదునని నమోదు చేయించుకొనియుండెను. ముసలి తాతను సంతోషపెట్టుటకై అట్లు చేసితినని ఆమె విచారణ సంఘమునకు 1953 సెప్టెంబరులో చెప్పెను. ఆ వార్త పత్రికల కెక్కెను. సెప్టెంబరు 11వ తేదీ చిత్రీకరణకు మున్నూరు మంది వచ్చి కూర్చుండిరి. ఆమె తెర వెనుక వణకుచుండెను. ఒక్క కూత, ఒక్క ఈలతో అన్నియు ముగిసిపోవచ్చును. డెసీ ప్రేక్షకుల ముందుకు వచ్చి, వదంతులను నమ్మవలదని వేడెను. తన దేశము విడిచి ఎట్లు వచ్చెనో చెప్పెను. లూసీలో ఎఱుపన్నది ఆమె జుట్టు మాత్రమే, అదియు సహజమైనది కాదని చమత్కరించెను. ప్రేక్షకులు లేచి నిలిచి కరతాళధ్వనులు చేసిరి. విదేశీయపు యాసగలవాడు భర్తగా పనికిరాడని యధికారులు తలచియుండిరి. ఆ రాత్రి ఆమెను నిలిపినది ఆ యాసతో పలికిన మాటలే.

1957 మే 6వ తేదీతో వారపు నాటకములు ముగిసినవి. అనాడు సంస్థవారు తేలికగా నెంచిన ఆ ఫిల్ముల హక్కులను సుమారు 50 లక్షల డాలర్లకు ఆ సంస్థకే విక్రయించిరి. ఒకప్పుడు తాము చిన్న నటులుగా కలిసికొనిన ఆర్.కె.ఓ. స్టూడియోనే కొనివైచిరి. రెండవమారు ఎవరును చూడరనుకొన్న నాటకములు వందలమార్లు ప్రసారమైనవి.

కాపురము మాత్రము నిలువలేదు. డెసీ పనియొత్తిడికి, త్రాగుడుకు లోబడెను. 1960లో వారు విడిపోయిరి. 1962లో లూసిల్ అతని వాటాను కొని, ఆ పెద్ద సంస్థకు తానే అధ్యక్షురాలయ్యెను. ఇరువురును వేఱు వివాహములు చేసికొనిరి. స్నేహము మాత్రము విడువలేదు.

డెసీ 1986 డిసెంబరు 2వ తేదీన మరణించెను. ఐదు దినముల తరువాత వాషింగ్టనులోని కెనడీ సెంటరులో లూసిల్‌కు దేశపు పెద్దలు సన్మానము చేసిరి. ఆ సభలో చదువుటకై డెసీ మరణించుటకు ముందే కొన్ని మాటలు వ్రాసియుంచెను. నటుడు రాబర్ట్ స్టాక్ వానిని చదివెను. నాటకమునకు వచ్చిన కీర్తిలో నూటికి తొంబది పాళ్ళు లూసీదేయని డెసీ వ్రాసెను. చివరను ఒక్క వాక్యము చేర్చెను: ‘ఐ లవ్ లూసీ’ యనునది ఎన్నడును కేవలము నాటకము పేరు మాత్రమే కాదని. మేడపై కూర్చుండి వినుచున్న లూసిల్ కన్నులు తుడుచుకొనెను.